మార్తను మందలించి, మార్త చేతి పాయసం తాగేవాళ్లకు

క్రిస్మస్ రోజు పొద్దున ఏ ఇంట్లోనూ, ఏ గుడి వెనకాలా, ఏ ఆడమనిషీ తీపి వండటం కోసం పొయ్యి వెలిగించకూడదు. ముందే చెప్పేస్తున్నాను, ఈ రాతంతా ఈ ఒక్క మాట కోసమే. తీపి తినొద్దని కాదు, పదిమందికి పెట్టొద్దని అసలే కాదు. 300 మందికైనా పెడదాం. కానీ ఆ తీపి 24వ తారీకు మధ్యాహ్నానికల్లా డబ్బాల్లో ఉండాలి, డబ్బాలకు మూతలు ఉండాలి. 25న మనం కొత్త చీర కట్టుకుని, నింపాదిగా తల దువ్వుకుని, మొదటి పాట నుంచి చివరి ఆశీర్వాదం దాకా గుడిలో కూర్చోవాలి. మధ్యలో ఒక్కసారి కూడా లేచి వెళ్లకూడదు.

ఇందులో వాదించడానికి ఏముంది, ఎవరి వీలు వాళ్లది కదా అంటారేమో. ఎవరి వీలు వాళ్లదైతే నేనూ ఊరుకుందును. వీలు ఒకరిది, చాకిరీ ఇంకొకరిది అయిన చోటే నా పేచీ. పోయినేడాది ఒక సంఘంలో ప్రేమ విందు గురించి కమిటీ కూర్చుంది. పేరు అక్కర్లేదు, మీ ఊరి సంఘం పేరు పెట్టుకుని చదువుకోండి, పెద్ద తేడా రాదు. తొమ్మిది మంది పెద్దలు, తొమ్మిది మందీ మగవాళ్లే. ఏటా పంచే పొట్లం, అంటే ఒక అరిసె, రెండు గులాబీ పువ్వులు, ఒక కేకు ముక్క, వాళ్లకు పాతబడిపోయింది. "చిన్నపిల్లలకి స్కూల్లో పంచినట్టు పొట్లాలేంటండీ, ఈసారి వేడివేడిగా వడ్డిద్దాం" అన్నారట. సేమ్యా పాయసం, క్యారెట్ హల్వా, గులాబ్ జామ్. మూడు తీపులు, 300 విస్తళ్లు. బిర్యానీకి డబ్బిచ్చి వంట మేస్త్రిని మాట్లాడారు. తీపి దగ్గరికొచ్చేసరికి మాత్రం "మన స్త్రీల సమాజం ఉందిగా" అన్నారు.

ఉన్నాం మరి. 20 కిలోల క్యారెట్ 24న సాయంత్రం తురిమాం, వేళ్ల కణుపులు గీసుకుపోయి మంట. రాత్రి ఆరాధన ముగిసి ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. మళ్లీ తెల్లవారుజామున నాలుగింటికి గుడి వెనక షామియానా కింద మూడు పొయ్యిలు వెలిగాయి. పదిన్నరకి లోపల వాక్యం మొదలైంది. గొర్రెల కాపరులు కబురు వినగానే ఉన్నపళంగా బేత్లెహేముకు వెళ్లిపోయారని అయ్యగారు మైకులో చెబుతున్నారు. మేం గరిటె వదిలితే పాయసం అడుగంటుతుంది. 14 మంది ఆడవాళ్లం ఆ రోజు ఆరాధన స్పీకర్లోంచే విన్నాం, అదీ గ్యాస్ పొయ్యి హోరులో, నూనె చిటపటల్లో ముక్కలు ముక్కలుగా. మాలో డెబ్బై దాటిన పెద్దావిడ ఒకావిడ, "నాకు పెళ్లయినప్పటి నుంచి పండుగనాటి వాక్యం పూర్తిగా విన్నది లేదమ్మా" అంది. ఫిర్యాదుగా అనలేదు. ఇవాళ మబ్బుగా ఉంది అన్నంత మామూలుగా అంది. ఆ మామూలుతనమే నాకు భరించరానిది.

అదే గుడిలో, అదే డిసెంబర్లో, రెండు వారాల ముందే మార్త మరియల మీద ప్రసంగం జరిగింది. లూకా సువార్త పదో అధ్యాయం. యేసు ఇంటికొస్తే మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటుంది, మార్త పనులతో సతమతమవుతుంది. చెల్లెలు సాయం రావడం లేదని మార్త అడిగితే, మరియ ఎంచుకున్నదే మంచిదని ఆయన అంటాడు. ఈ కథ మీద నేను పుట్టి బుద్ధెరిగాక విన్న ప్రసంగాలన్నీ ఆడవాళ్ల వైపు తిరిగే చెప్పారు. అమ్మా, మీరు మార్తలా ఉండకండి, వంటింటి గొడవల్లో పడి దేవుణ్ణి మరవకండి. మంచిదే. మరి మార్త కూడా వెళ్లి మరియ పక్కన కూర్చుంటే ఆ పూట వంట ఎవరు చేస్తారన్న ప్రశ్న ఒక్క ప్రసంగంలోనూ రాలేదు. ఆ ఇంట్లో లాజరు అని ఒక సహోదరుడు ఉన్నాడు. యోహాను సువార్త పన్నెండో అధ్యాయంలో మళ్లీ విందు జరిగితే, అక్కడా మార్తే వడ్డిస్తుంది, లాజరు బంతిలో కూర్చుని ఉంటాడు. లాజరూ, నువ్వు లేచి ఒక చెయ్యి వెయ్యి అని చెప్పే ప్రసంగం కోసం నేను ఇంకా ఎదురుచూస్తున్నాను.

మార్తను మందలించి, ఆ మందలింపు అయ్యాక మార్త చేతి పాయసం రెండు గ్లాసులు తాగి, "ఇంకొంచెం జీడిపప్పు పడాల్సిందమ్మా" అనేవాళ్లకు నాదొక మనవి. బైబిల్లో గుంపుకు తిండి పెట్టిన సంగతులు ఇంకా ఉన్నాయి, అవి కూడా ఒకసారి తిరగేయండి. అయిదు రొట్టెలు, రెండు చేపలు. అప్పటికప్పుడు ఎవరూ ఏమీ వండలేదు, ఉన్నదే పంచారు. పంచింది శిష్యులు, అంటే మగవాళ్లు. మిగిలిన పన్నెండు గంపలు ఎత్తిందీ వాళ్లే. (ఆ గుంపులో ఆడవాళ్లూ పిల్లలూ కాకుండానే మగవాళ్లు అయిదు వేలమంది అని మత్తయి రాశాడు. తినేవాళ్ల లెక్కలో కూడా మనం లేం, వండేవాళ్ల లెక్కలో మాత్రం ఎప్పుడూ ఉంటాం.) యోహాను సువార్త చివరి అధ్యాయంలో తెల్లవారుజామున ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, అలసిపోయి వచ్చిన జాలరుల్ని తినడానికి పిలిచింది స్వయంగా ఆయనే. ఇంతకంటే ఎవరు చెప్పాలి?

సరే, ఇక తీపి సంగతి.

పండుగ తీపి అంటే పండుగ రోజు పొగలు కక్కుతూ ఉండాలన్నది ఎక్కడ నుంచి వచ్చిందో గానీ, క్రిస్మస్ తీపిది ఆ స్వభావం కాదు. ఏ దేశం తీసుకోండి. ఇంగ్లండులో క్రిస్మస్ పుడ్డింగుకు ఆగమన కాలం మొదలయ్యే ముందటి ఆదివారం పిండి కలుపుతారు. దానికి 'స్టిర్ అప్ సండే' అని పేరే ఉంది. ఆ రోజు ఇంట్లో పిల్లా పెద్దా ప్రతి ఒక్కరూ వచ్చి గరిటె ఒకసారి తిప్పాలని ఆనవాయితీ. ఆవిరి మీద గంటలు గంటలు ఉడికించి, పక్కన పెట్టేస్తారు. నాలుగైదు వారాల తర్వాత పండుగనాడు మళ్లీ వేడి చేయడమే మిగిలిన పని. జర్మనీ వాళ్ల స్టోలెన్ కూడా వారాల ముందు చేసి దాచేదే, దాచినకొద్దీ రుచి ఊరేదే. మన పక్కనున్న కేరళలో, తలశ్శేరిలో మాంబళ్లి బాపు అనే ఆయన 1883లో మొదటి క్రిస్మస్ కేకు చేశాడని చెబుతారు. మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర ఒక విలాయతీ కేకు చూపించి అలాంటిది చేసిపెట్టమన్నాడట. ఆ కేకు అంత దూరం నుంచి వచ్చి కూడా పాడవకుండా ఉందంటేనే అది ఎలాంటి తీపో తెలుస్తోంది కదా.

మంగళూరు, గోవా వైపు క్రైస్తవుల ఇళ్లలో పండుగకు ముందు రోజుల తరబడి పిండివంటలు చేసి పళ్లేల్లో సర్ది ఇరుగుపొరుగుకు పంచుతారు. మంగళూరు వాళ్లు దాన్ని కుస్వార్ అంటారు. అందులో నెవ్రీలు ఉంటాయి, అవి మన కజ్జికాయలే. కుల్‌కుల్స్ ఉంటాయి, అవి మన గవ్వలే. గులాబీ పువ్వులు అచ్చంగా గులాబీ పువ్వులే. ఇంటిల్లిపాదీ కూర్చుని దువ్వెన పళ్ల మీదో ఫోర్కు మీదో పిండి నొక్కి గవ్వలు చుట్టడం అక్కడ పండుగలో భాగం. అంటే అరేబియా సముద్రం ఒడ్డునా, బంగాళాఖాతం ఒడ్డునా, ఇంగ్లండు చలిలోనూ ఆడవాళ్లందరికీ ఒకే ఆలోచన వచ్చింది. పండుగ పెద్దది, వచ్చేవాళ్లు ఎక్కువ, చేతులు రెండే. కాబట్టి ముందే చేసి దాచుకో.

మన అరిసె ఆ ఆలోచనకు పరాకాష్ఠ. డిసెంబర్ వచ్చేసరికి వరి కోతలైపోయి కొత్త ధాన్యం ఇంటికొస్తుంది, కొత్త బెల్లం దిగుతుంది. మా గుంటూరు వైపు క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్‌కి అరిసెలు, హిందువుల ఇళ్లలో సంక్రాంతికి అరిసెలు. మూడు వారాల తేడాలో గిన్నెలు ఇటూ అటూ తిరుగుతాయి. ఖాళీ గిన్నె వెనక్కి పంపకూడదు కాబట్టి మన గిన్నెలోనే వాళ్లవి వస్తాయి. మతం మారినా అరిసె మారలేదు. ఎందుకు మారాలి?

బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి. వడకట్టి, బట్ట మీద ఆరబోసి, తడి పూర్తిగా ఆరకముందే మర పట్టించాలి. పొడిబారిపోయిన పిండితో అరిసె రాదు, పళ్లు విరిగే బిళ్ల వస్తుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం మా లెక్క, తీపి ఎక్కువ తినే ఇళ్లలో ఇంకొంచెం వేస్తారు. పాకం చుక్క నీళ్లలో వేస్తే కరిగిపోకుండా వేళ్ల మధ్య మెత్తటి ఉండ కావాలి. అంతకంటే ఒక్క నిమిషం ముందు దించితే అరిసె నూనెలో విడిపోతుంది, ఒక్క నిమిషం ఆలస్యమైతే గట్టిపడుతుంది. నేను బీఏలో తెలుగు చదివినప్పుడు కవిత్వంలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడు పాకాలు పాఠం చెప్పారు. ఆ పేర్లు పెట్టినవాళ్లు ఎవరో గానీ ఎప్పుడూ పొయ్యి దగ్గర నిలబడినట్టు లేరు. నిలబడి ఉంటే అరిసెల పాకానికి కూడా ఒక చోటు ఇచ్చేవాళ్లు.

దించాక ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తిప్పాలి. ఇది ఒక్కరు చేయగలిగే పని కాదు, ఈ సంగతి మళ్లీ చెబుతాను. తర్వాత నువ్వులు అద్ది, అరిటాకు మీద తట్టి, నూనెలో వేసి తీసి, రెండు చెక్కల మధ్య నొక్కి నూనె పిండాలి. చల్లారాక డబ్బాలో పెడితే రెండు మూడు వారాలు కదలదు. చేసిన రోజు కంటే మూడో రోజు బాగుంటుంది. ఇంతకంటే బుద్ధిమంతురాలైన తీపి ఎక్కడుంది చెప్పండి?

ఇప్పుడు దీని పక్కన కమిటీ వారి 'వేడివేడి' తీపిని పెట్టి చూడండి. సేమ్యా పాయసం దించిన గంటకు ముద్దవుతుంది. మళ్లీ పాలు కాచి పోయాలి, మళ్లీ తిప్పాలి, మళ్లీ పంచదార చూడాలి. మనిషికి 100 మిల్లీలీటర్ల చొప్పున పోసినా 300 మందికి 30 లీటర్లు. అంత పెద్ద గిన్నె అడుగంటకుండా తిప్పడమంటే మామూలు చేయి కాదు, సాయంత్రానికి భుజం లేవదు. గులాబ్ జామ్ పాకంలో వేశాక కనీసం రెండు గంటలు నానాలి, అంటే తెల్లారే లోపు వేయించాలి. ఫ్రూట్ కస్టర్డ్ అని ఇంకొకరు ఉత్సాహపడ్డారు. ముక్కలు కోసిన అరటిపండు వడ్డించే వేళకి నల్లబడుతుంది, చల్లదనం తగ్గితే పాల పదార్థం ఎంతసేపు నిలుస్తుందో అందరికీ తెలుసు. డబుల్ కా మీఠా చేద్దామన్నవాళ్లు 300 మందికి బ్రెడ్డు ముక్కలు వేయించి చూడాలి, అప్పుడు మాట్లాడుకుందాం.

మరి ముందే చేసుకునే లెక్క ఎంతో చూడండి. కిలో బియ్యానికి మా సైజులో 40 అరిసెలు వస్తాయి. 8 కిలోల బియ్యం, 6 కిలోల బెల్లం, 320 అరిసెలు. కేకు కిలోకి 30 ముక్కల చొప్పున కోస్తే 10 కిలోలు చాలు. క్రీము పూయని పండ్ల కేకు నాలుగు రోజుల ముందు చేసి, చల్లారాక గాలి తగలకుండా చుట్టి పెడితే ముక్క చక్కగా తెగుతుంది, పొడి రాలదు. రమ్ము పోయని ఇళ్లలో ఎండు పండ్లను ద్రాక్షరసంలోనో నారింజరసంలోనో నానబెడతాం. పళ్లరసంలో నానినవి నెలల తరబడి నిలవవు కాబట్టి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు చాలు. కజ్జికాయల్లో పచ్చికొబ్బరి మానేసి ఎండుకొబ్బరి, పుట్నాల పొడి, పంచదార పెట్టుకోండి. పచ్చికొబ్బరి రెండో రోజుకే వాసన వస్తుంది. గులాబీ పువ్వులకు అచ్చు నూనెలో బాగా కాగాలి, పిండిలో ముక్కాలు వంతే మునగాలి. అంచు దాటి మునిగితే పువ్వు అచ్చును వదలదు. ఈ పనులన్నీ వారంలో ఎప్పుడు వీలైతే అప్పుడు, ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్కటి చేసుకోవచ్చు. ఏదైనా చెడితే మళ్లీ చేయడానికి రేపుంది. 25 పొద్దున పాయసం మాడితే రేపు లేదు.

నాకు ఎదురొచ్చే మాటలు నాకు తెలుసు. "ఇప్పటి పిల్లలు అరిసెలు తినరండీ, వాళ్లకు క్రీము కేకులే కావాలి" అన్నది మొదటిది. పిల్లలు అరిసెలు తినరన్నది మనం అనుకునే మాటే. మా ఇంట్లో గులాబీ పువ్వుల డబ్బాకు తాళం వేయాల్సి వస్తుంది. క్రీము కేకు మీద నాకు పగ లేదు, పుట్టినరోజుకి తెచ్చుకోండి. 300 మందికి కోసి, కరగకుండా, చీమ పట్టకుండా కాపాడటానికి ఒక మనిషిని కాపలా పెట్టాలి. ఆ మనిషి ఎవరై ఉంటుందో మీకే తెలుసు.

రెండోది, "అంత కష్టమైతే కొనేద్దాం". కొనండి. ఉద్యోగం చేసే వాళ్లు, ఒంట్లో బాగాలేని వాళ్లు, ఇంట్లో సాయం లేని వాళ్లు మొహమాటం లేకుండా కొనాలి, ఇందులో తక్కువతనం ఏమీ లేదు. కానీ కొనేద్దామనే మగవాళ్లలో ఎక్కువమంది కొన్నాక ఒక మాట అంటారు, గమనించారా? పొట్లం విప్పి, ముక్క నోట్లో వేసుకుని, "మా అమ్మ చేసేది" అని మొదలుపెడతారు. ఆ వాక్యం ఎప్పుడూ పూర్తి చేయరు. చేయక్కర్లేదు కూడా, మనకు చేరవలసింది చేరిపోతుంది. కొనడమా, చేయడమా అన్నది నా గొడవ కాదు. కొన్న తీపి కూడా 24నే ఇంటికి రావాలి, కొన్నందుకు తర్వాత సణుగుడు ఉండకూడదు, అంతే.

మూడోది అన్నిటికంటే బరువైనది. "ఇది సేవ కదా, సేవలో లెక్కలేంటి?" నేను సేవను చులకన చేసేదాన్ని కాదు. ఆకలిగా ఉన్నవాడికి అర్ధరాత్రి లేచి వండిపెట్టమంటే పెడతాను. మెదక్‌లో పెద్ద చర్చి కరువు రోజుల్లో జనానికి పని చూపించి, తిండి పెట్టి కట్టించారని చెబుతారు. 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రతిష్ఠించారు. అది గుంపుకు తిండి పెట్టడమంటే. బిర్యానీ తిని త్రేనుస్తున్నవాడికి మూడో తీపి వేడిగా అందించడం కోసం ఒక డెబ్బై ఏళ్ల మనిషి ఆరాధన పోగొట్టుకోవడం సేవ కాదు. దానికి వేరే పేరుంది, పండుగ పూట ఎందుకని రాయడం లేదు. నిజంగా అది అంత గొప్ప సేవైతే, అంత పుణ్యమైతే, తొమ్మిది మంది కమిటీ వాళ్లు ఒక్కరూ దాని కోసం పోటీ పడరేం?

హైదరాబాదు పెద్ద హోటళ్లలో అక్టోబర్, నవంబర్లలో కేక్ మిక్సింగ్ అని ఒక వేడుక చేస్తారు, పేపర్లలో ఫోటోలు చూసే ఉంటారు. పొడుగాటి బల్ల మీద ఎండుద్రాక్ష, చెర్రీలు, జీడిపప్పు రాశులు పోసి, అతిథులందరూ తెల్ల టోపీలు, చేతికి తొడుగులు వేసుకుని సీసాలు వంచుతూ కలుపుతారు. వరసలో నిలబడి నవ్వేవాళ్లలో మగవాళ్లకు కొదవేం లేదు. అంటే పిండివంటలో చెయ్యి పెట్టడం వాళ్లకు రాక కాదు, ఇష్టం లేకా కాదు. ఫోటో తీసేవాడు ఉంటే చాలన్నమాట. మన షామియానా కింద కూడా ఒక ఫోటోగ్రాఫర్ని పెడదామా?

నవ్వులాటకు అన్నా, అరిసెల పాకం ఒక్కరు తిప్పేది కాదని పైన చెప్పాను కదా, దాన్ని మనం మరిచిపోవడమే అసలు నష్టం. మా అమ్మ వాళ్ల కాలంలో అరిసెలు ఒక ఇంట్లో ఒంటరిగా వండేవాళ్లు కాదు. ఇవాళ మీ ఇంట్లో, ఎల్లుండి మా ఇంట్లో. వదినలు, పిన్నులు, పక్కింటి వాళ్లు అందరూ ఒకే పొయ్యి చుట్టూ చేరేవాళ్లు. ఒకరు పాకం చూస్తే ఒకరు తట్టేవాళ్లు, ఒకరు నొక్కేవాళ్లు, ఒకరు ఊళ్లో కబుర్లన్నీ చెప్పేవాళ్లు. క్యారల్స్ పాడుకుంటూ రాత్రి ఇంటి ముందుకు వచ్చే పిల్లలకు పెట్టడానికి డబ్బా అప్పటికే సిద్ధంగా ఉండేది. చాకిరీ అప్పుడూ ఆడవాళ్లదే, అప్పటి రోజులు బంగారమని నేను అనను. మా నాన్న పాకం గరిటె ఏ రోజూ ముట్టుకోలేదు. కానీ ఆ చాకిరీ పదిమందికి పంచుకుపోయేది, పండుగ రోజుకు ముందే అయిపోయేది. ఇప్పుడు అపార్టుమెంటుకు ఒక్కో వంటిల్లు, వంటింటికి ఒక్కో మనిషి. ఆ ఒక్క మనిషి వీడియో చూసుకుంటూ ఏడు రకాలు చేయాలి, అవి ఫోనులో పెట్టడానికి అందంగా ఉండాలి, పండుగ రోజు చుట్టాలు దిగేసరికి వేడిగా ఉండాలి. సెమీ క్రిస్మస్‌లని నెలంతా ఎవరో ఒకరింట్లో విందు, ప్రతి విందుకీ మనం ఒక డిష్ చేసి పట్టుకెళ్లాలి. డిసెంబర్ 25 వచ్చేసరికి రక్షకుడు పుట్టాడన్న సంతోషం కంటే నెల అయిపోతోందన్న సంతోషమే ఎక్కువగా ఉందంటే తప్పు మనది కాదు.

అందుకే ముందు మన ఇళ్లలో మొదలుపెడదాం అంటున్నాను. చుట్టాలు పాతిక మంది వస్తున్నారా? రెండు తీపులు చాలు, ఏడు వద్దు. రెండూ నిలవుండేవే చేద్దాం. "వేడిగా ఏమీ లేదా వదినా?" అని ఎవరైనా అడిగితే, "టీ ఉంది తమ్ముడూ, నువ్వే పెట్టు, అందరికీ పెట్టు" అని చెబుదాం. నేను నిరుడు అలాగే చెప్పాను. మా మరిది ఒక నిమిషం నా మొహం చూసి, వంటింట్లోకి వెళ్లి, టీపొడి ఎక్కడుందని అడిగి, 22 మందికి టీ పెట్టాడు. పంచదార ఎక్కువైంది గానీ అందరూ తాగారు. అత్తగారు మాత్రం ఆ రోజంతా నాతో ముభావంగా ఉన్నారు. ఉండనివ్వండి. మర్నాడు ఆవిడే డబ్బా మూత తీసి అరిసె తింటూ, "పాకం బాగా కుదిరింది" అన్నారు.

ఇక గుడి సంగతి. ఈ ఏడాది మా స్త్రీల సమాజం కమిటీ చెప్పేదాకా ఆగలేదు, మేమే ముందు కాగితం రాసి ఇచ్చాం. ప్రేమ విందుకు తీపి పొట్లమే ఉంటుంది. అరిసె ఒకటి, గులాబీ పువ్వులు రెండు, కేకు ముక్క ఒకటి. పండుగకు ముందు శుక్రవారం పొద్దున 8 కిలోల బియ్యం నానబోస్తాం. శనివారం పొద్దున వడకట్టి, మర పట్టించి, మధ్యాహ్నం రెండింటికి గుడి ఆవరణలో పాకం పెడతాం. 25 పొద్దున స్త్రీల సమాజం సభ్యులు ఎవరూ షామియానా కింద ఉండరు, అందరం లోపలే ఉంటాం. విందులో పొట్లాలు పంచే పని యూత్ వాళ్లది, గిన్నెలు కడిగించే పూచీ కమిటీది. చివర్లో ఇంకో వాక్యం రాశాం: శనివారం పాకంలో పిండి తిప్పడానికి గట్టి చేతులున్న మగవాళ్లు ఆరుగురు కావాలి, పేర్లు కార్యదర్శి గారి దగ్గర రాయించగలరు.

ఆ వాక్యం చదివి కోశాధికారి గారు, "మాకు పాకం తెలీదు కదమ్మా" అన్నారట. "పాకం మేం చూస్తాం, మీరు గరిటె తిప్పితే చాలు" అని మా కార్యదర్శి జవాబిచ్చింది. నిన్నటికి నలుగురు రాయించుకున్నారు. అందులో అయ్యగారి పేరు కూడా ఉంది. ఇంకా ఇద్దరు కావాలి.